పట్టి వదలని డిస్క్ బ్రేకు: ఏ భాగం దగ్గర ఏం చూడాలి

శ్రీకాకుళం ఏడురోడ్ల జంక్షన్‌కి దగ్గర్లో మా షెడ్డు. డిప్లొమా అయ్యాక కొన్నేళ్లు చెన్నైలో క్యాలిపర్లు (చక్రంతో తిరిగే డిస్క్‌ని ప్యాడ్లతో రెండు వైపులా నొక్కి పట్టే భాగాలు) చేసే ఫ్యాక్టరీలో టెస్టింగ్ బెంచ్ మీద పనిచేశాను. ఊరికి తిరిగొచ్చాక బ్రేకుల పని తప్ప ఇంకోటి పెట్టుకోలేదు. బ్రేక్ పడట్లేదని వచ్చే బళ్లకంటే బ్రేక్ వదలట్లేదని వచ్చేవే నా దగ్గర ఎక్కువ. "బావూ, న్యూట్రల్లో ఒగ్గేసినా బండి దొర్లట్లేదేటి?" అంటాడు టాక్సీ అతను. ఇంకొకరు మైలేజీ పడిపోయిందంటారు. మరొకరు చక్రం దగ్గర మాడు వాసన అంటారు. చాలా షెడ్లలో ప్యాడ్లు మార్చి పంపేస్తారు. కొత్త ప్యాడ్లు మందంగా ఉంటాయి కాబట్టి అవి పట్టాలంటే ప్యాడ్‌ని నెట్టే పిస్టన్ని వెనక్కి నొక్కాలి. ఆ నొక్కుడుకే కొన్నాళ్లు బాగుంటుంది. తర్వాత మళ్లీ అదే కథ.

డ్రమ్ బ్రేకులో షూలని వెనక్కి లాగడానికి రిటర్న్ స్ప్రింగులుంటాయి. మామూలు కారు డిస్క్ బ్రేకులో పిస్టన్‌కి అలాంటి స్ప్రింగు ఉండదు. పెడల్ వదిలాక దాన్ని వెనక్కి తెచ్చేది దాని చుట్టూ ఉన్న చదరపు కోత రబ్బరు సీల్ ఒక్కటే. పిస్టన్ ముందుకెళ్లేటప్పుడు సీల్ లోపలి అంచు దాన్ని పట్టుకుని కాస్త వాలుతుంది. ప్రెజర్ పోగానే రబ్బరు తన ఆకారానికి వస్తూ పిస్టన్ని కూడా వెంట తెచ్చుకుంటుంది. అలా ప్యాడ్‌కీ డిస్క్‌కీ మధ్య దొరికే ఖాళీ మిల్లీమీటరులో పదో వంతు, కాస్త అటూ ఇటూగా. ఆ ఖాళీని పుట్టించేది సీల్. దాన్ని పాడుచేసేవి మిగతా భాగాలన్నీ.

ముందు కొలవండి

చేత్తో చక్రం తిప్పి "ఫ్రీగానే ఉంది" అంటే నేను నమ్మను. కారుని జాకీ మీద ఎత్తి స్టాండు పెట్టండి. గేరు న్యూట్రల్లో ఉంచి, పెడల్ రెండు మూడుసార్లు గట్టిగా తొక్కి వదలండి. టైరుకి తాడు రెండు చుట్లు చుట్టి, చివర చేపల బజారులో వాడే స్ప్రింగ్ కాటా తగిలించి, మెల్లగా ఒకే వేగంతో లాగండి. చక్రం తిరుగుతుండగా కాటా ఎంత చూపిస్తుందో రాసుకోండి. తర్వాత క్యాలిపర్ విప్పి, దానికి ఆయిల్ తెచ్చే రబ్బరు హోస్ మీద బరువు పడకుండా వైరుతో పైకి కట్టి, చక్రం మళ్లీ బిగించి లాగండి. రెండు కొలతల తేడా బ్రేకుది. మిగతాది బేరింగుది, డ్రైవ్ షాఫ్టుది.

ఆ తేడా ఒక కేజీ వచ్చిందనుకుందాం. టైరు అంచున సుమారు 10 న్యూటన్లు. టైరు వ్యాసార్ధం 28 సెంటీమీటర్లయితే టార్క్, అంటే తిప్పే బలం, 2.7 న్యూటన్ మీటర్లు. మన చిన్న కార్లలో ఎక్కువగా డిస్కులు ముందు రెండు చక్రాలకే ఉంటాయి కాబట్టి మొత్తం 20 న్యూటన్లు. వంద కిలోమీటర్లకి 20 లక్షల జౌళ్లు వృథా అన్నమాట. లీటరు పెట్రోల్లో ఉండే సుమారు 320 లక్షల జౌళ్లలో పావు వంతు చక్రం దాకా వస్తుందనుకుంటే, వంద కిలోమీటర్లకి పావు లీటరు పోయినట్టు. ఎలక్ట్రిక్ కారుకైతే చక్రం దగ్గరే అర యూనిట్‌కి పైన. ఒక న్యూటన్ మీటరు లోపు ఉంటే నేను వదిలేస్తాను. మూడు దాటితే విప్పుతాను. మధ్యలో ఉంటే రెండు చక్రాలనీ పోల్చి చూస్తాను.

దోషం ఆయిల్‌దా, లోహానిదా

విప్పడానికి ముందు ఈ పరీక్ష చేస్తే సగం పని తగ్గుతుంది. చక్రం పట్టేసి ఉన్నప్పుడే బ్లీడర్ నిపిల్ (క్యాలిపర్ మీద ఆయిల్, గాలి బయటికి వదిలే చిన్న స్క్రూ) కాస్త వదులు చేయండి. కళ్లకి అద్దాలు పెట్టుకోండి, పెయింట్ మీద పడనివ్వకండి. ఆయిల్ చిమ్మి చక్రం వదిలిందా, ప్రెజర్ లోపలే చిక్కుకుంది. అప్పుడు నిపిల్ మూసి, మళ్లీ తొక్కి పట్టేయించి, ఈసారి హోస్‌కి ముందున్న స్టీలు పైపు యూనియన్ వదులు చేయండి. అక్కడే చక్రం వదిలేస్తే తప్పు మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ని తోసేది) వైపుది. అక్కడ వదలకుండా నిపిల్ దగ్గర మాత్రమే వదిలితే హోస్ లోపలి పొర ఉబ్బి దారి మూసేసింది. ఆ హోస్ పైకి కొత్తదానిలా కనిపించినా మార్చేయండి. నిపిల్ తీసినా చక్రం కదలకపోతే క్యాలిపర్, పిన్నులు, ప్యాడ్ కూర్చునే చోటు చూడాలి.

మాస్టర్ సిలిండర్ గురించి ఎక్కువ చెప్పను. పెడల్ నుంచి దాన్ని నెట్టే పుష్ రాడ్‌కి మిల్లీమీటరు వరకు ఆట ఉండాలి. లేకపోతే ఆయిల్ వెనక్కి పోయే చిన్న రంధ్రాన్ని లోపలి రబ్బరు కప్పు సీల్ మూసే ఉంచుతుంది. వేడికి పెరిగిన ఆయిల్‌కి పోయే దారి లేక బ్రేక్ తనంతట తాను పడుతుంది. బ్రేక్ లైట్ స్విచ్ ముందుకు బిగించేసినా పెడల్ పూర్తిగా పైకి రాదు, ఫలితం ఇదే. సాలూరు నుంచి సుంకి ఘాట్ ఎక్కి దిగి వచ్చిన కార్లలో ఈ రెండూ ముందు చూస్తాను, ఎందుకంటే ఇంట్లో చల్లగా ఉన్నప్పుడు ఈ జబ్బు కనిపించదు. ఇంకొకటి, రిజర్వాయర్‌లో (బ్రేక్ ఆయిల్ డబ్బాలో) ఎవరైనా ఇంజిన్ ఆయిలో, పవర్ స్టీరింగ్ ఆయిలో పోసి ఉంటే లోపలి రబ్బరంతా ఉబ్బిపోతుంది. అప్పుడు ఒక్క సీల్ మార్చి ఊరుకోకూడదు, వ్యవస్థలో ఉన్న ప్రతి రబ్బరూ మార్చాలి.

సీల్, గాడి

అసలు డిజైన్ అంతా ఇక్కడే ఉంది. బోరులో, అంటే పిస్టన్ నడిచే రంధ్రంలో, సీల్ కూర్చునే గాడి మామూలు చదరపు గాడిలా కనిపిస్తుంది గానీ ప్యాడ్ వైపు అంచున చిన్న చాంఫర్ (ఏటవాలు కోత) ఉంటుంది. ప్రెజర్ వచ్చినప్పుడు రబ్బరు వాలేది ఆ ఖాళీలోకే. చాంఫర్ పెద్దదైతే రబ్బరు ఎక్కువ వాలుతుంది, పిస్టన్ ఎక్కువ వెనక్కి వస్తుంది. చాలా క్యాలిపర్లలో గాడి అడుగు కూడా కొంచెం ఏటవాలుగా ఉంటుంది, సీల్ ఒక అంచున పిస్టన్ని ఎక్కువ బిగువుగా పట్టడానికి. ఫ్యాక్టరీలో చాంఫర్ కోణం కాస్త మార్చిన రోజున కాగితం చూడకుండానే బెంచ్ మీద టార్క్ చూసి చెప్పేసేవాళ్లం.

అందుకే గాడిలో తుప్పు గీకడానికి స్క్రూడ్రైవర్ పెట్టేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. గాడి అంచు చెదిరితే కొత్త సీల్ వేసినా లాభం లేదు. వెదురు పుల్లతో గానీ ప్లాస్టిక్ పుల్లతో గానీ తీయండి, బ్రేక్ క్లీనర్‌తో కడగండి. గాడికి ఎమరీ పేపర్ కొట్టొద్దు. సీల్ మెలిక పడకుండా కూర్చోబెట్టి, బ్రేక్ ఆయిల్ రాసి పిస్టన్ చేత్తో నెట్టండి. పిస్టన్‌కి జారుడు గ్రీజు దట్టంగా పూయడం మంచిదనుకుంటారు. సీల్ పిస్టన్ని పట్టుకుంటేనే వెనక్కి తెస్తుంది. జారిపోతే తేలేదు. కొలత సరిపోయింది కదా అని వేరే మోడల్ సీల్ కిట్ వేయకండి. రబ్బరు గట్టిదనం వేరైతే వెనక్కొచ్చే దూరమూ మారుతుంది. వేడికి ఎండి గట్టిపడిన పాత సీల్ కూడా ఇంతే, వాలదు కాబట్టి లాగదు.

గట్టిగా బ్రేక్ కొట్టిన తర్వాత రాపిడి ఎక్కువవుతుందని కొందరు గమనిస్తారు. నిజమే. పెద్ద ప్రెజర్ కింద క్యాలిపర్ ఒళ్లు కాస్త సాగుతుంది, ప్యాడ్ నొక్కుకుపోతుంది, పిస్టన్ సీల్ వాలగలిగిన దూరం దాటి ముందుకు జారుతుంది. వదిలాక క్యాలిపర్ ముడుచుకుంటుంది. సీల్ తెచ్చే కొద్దిపాటి ఖాళీని ఆ ముడుచుకోవడమే తినేస్తుంది. కాబట్టి డిజైన్ చేసేవాళ్లకి క్యాలిపర్ వంతెన (డిస్క్ మీదుగా రెండు వైపులనీ కలిపే భాగం) మందం, ప్యాడ్ ఎంత నొక్కుకుంటుందన్నదీ రాపిడి లెక్కలోవే.

ఇంజనీరింగ్ పిల్లలు ప్రాజెక్టు బండి పట్టుకొచ్చి "చాంఫర్ పెంచేద్దాం సార్, రాపిడి సున్నా" అంటుంటారు. వాళ్లతో ఈ లెక్క వేయిస్తాను. పిస్టన్ వ్యాసం 54 మిల్లీమీటర్లు, అంటే వైశాల్యం 22.9 చదరపు సెంటీమీటర్లు. ఒక్కో వైపు 0.1 మిల్లీమీటరు అదనపు ఖాళీ పెట్టారు. తేలే క్యాలిపర్‌లో (పిన్నుల మీద జరిగేది, ఒక వైపే పిస్టన్ ఉండేది) రెండు వైపులా కలిపి ఆ ఒక్క పిస్టనే 0.2 పూడ్చాలి. ఒక చక్రానికి 0.46 సీసీ ఆయిల్, రెండింటికి 0.92 సీసీ. మాస్టర్ సిలిండర్ వ్యాసం 20.64 మిల్లీమీటర్లయితే దాని పిస్టన్ 2.7 మిల్లీమీటర్లు అదనంగా నడవాలి. పెడల్ నిష్పత్తి నాలుగైతే (ఆ పిస్టన్ ఒకటి నడవాలంటే పెడల్ నాలుగు నడవాలి) కాలి కింద 11 మిల్లీమీటర్లు. బ్రేక్ పడటానికి ముందే పెడల్ అంత ఖాళీగా కిందకి పోతే డ్రైవర్‌కి గుండె జారుతుంది. ఈ చిక్కుకి జనరల్ మోటార్స్ 1980 ప్రాంతంలో తన చిన్న కార్లలో మెట్ల బోరు మాస్టర్ సిలిండర్ పెట్టింది. మొదట పెద్ద బోరు ఎక్కువ ఆయిల్ తోసి ఖాళీ పూడుస్తుంది, తర్వాత చిన్న బోరు ప్రెజర్ ఇస్తుంది. మోటారుతో ప్రెజర్ పుట్టించే ఇప్పటి కొత్త వ్యవస్థల్లో కాలికి తెలియకుండానే ఖాళీ పూడ్చే వీలుంది. మామూలు మాస్టర్ సిలిండర్ ఉంచుకుని చాంఫర్ ఒక్కటే పెంచడం మాత్రం వద్దు.

పిన్నులు

మా జిల్లాకి పొడవైన తీరం. కళింగపట్నం, బారువ వైపు నుంచి వచ్చే బళ్లలో సీల్ కంటే ముందు పిన్నులు పోతాయి. తేలే క్యాలిపర్‌లో పిస్టన్ లోపలి ప్యాడ్‌నే నెడుతుంది. బయటి ప్యాడ్‌ని లాక్కొచ్చేదీ, వదిలేదీ పిన్నుల మీద జరిగే ఒళ్లే. ఉప్పు గాలికి బూటు (పిన్నుని దుమ్ము, తడి నుంచి కప్పే రబ్బరు) చిరిగి పిన్ను తుప్పుపడితే ఆ జరుగుడు ఆగిపోతుంది. రెండు ప్యాడ్లనీ పక్కపక్కన పెట్టి చూడండి. బయటిది వంకరగా అరిగినా, రెండింటి మధ్య బాగా తేడా ఉన్నా పిన్నులే మొదటి అనుమానం.

పిన్ను తీసి తుడిచి, గుంటలు పడితే మార్చండి. ఎమరీతో సన్నం చేస్తే వదులై క్యాలిపర్ వాలుతుంది, అప్పుడు ప్యాడ్ ఒక మూల తగులుతూనే ఉంటుంది. కొన్ని క్యాలిపర్లలో ఒక పిన్నుకి రబ్బరు తొడుగు ఉంటుంది. దాన్ని పై రంధ్రంలోనుంచి కింద రంధ్రంలోకి మార్చకండి. బేరింగ్ గ్రీజు వద్దు, బూటు ఉబ్బుతుంది. బ్రేకులకని అమ్మే సిలికాన్ గ్రీజు పలచగా రాయండి. రంధ్రం అడుగున గ్రీజు కుక్కితే లోపల చిక్కుకున్న గాలి పిన్నుని బయటికి తోస్తూనే ఉంటుంది. బిగించాక బూటు అంచు ఎత్తి ఆ గాలి వదిలేయండి. కొత్తగా డిజైన్ చేసేవాళ్లు పిన్నులు ఎంత పొడుగు లోపల కూర్చుంటాయో, పిస్టన్ మధ్యగీతకి ఎంత పక్కకి ఉన్నాయో చూసుకోవాలి. బరువైన క్యాలిపర్ని పొట్టి పిన్నుల మీద వేలాడదీస్తే త్వరగానే వాలుతుంది.

ప్యాడ్ కూర్చునే చోటు, డిస్క్

ప్యాడ్ చెవుల (రెండు చివర్లా పొడుచుకొచ్చిన కొసల) కింద ఉండే స్టీలు క్లిప్పు తీస్తే దాని వెనక బ్రాకెట్ (ప్యాడ్లనీ పిన్నులనీ మోసే కదలని చట్రం) మీద తుప్పు పొర కనిపిస్తుంది. అది లేచి క్లిప్పుని ముందుకు నెట్టి ప్యాడ్‌ని బిగిస్తుంది. ఆకురాయితో లోహం కనిపించేదాకా తీయండి. ప్యాడ్ వేలితో నెడితే జారాలి. కొత్త ప్యాడ్ చెవికి పెయింట్ దట్టంగా ఉంటే పెయింట్ వరకే గీకండి, చెవి అరగదీస్తే తర్వాత టకటక శబ్దం వస్తుంది. రెండు ప్యాడ్లని విడదీసే వంకీ తీగ స్ప్రింగులు కొన్ని మోడళ్లలో వస్తాయి. చాలామంది వాటిని చెత్తబుట్టలో వేస్తారు. ఏరి మళ్లీ పెట్టండి. లేని బండికి సొంతంగా గట్టి స్ప్రింగు పెడితే మాత్రం పిస్టన్ని కూడా వెనక్కి తోసి పెడల్ లోతుకి దింపుతుంది.

ఇక డిస్క్. హబ్ (డిస్క్, చక్రం బిగించే మధ్య భాగం) ముఖం మీద 0.05 మిల్లీమీటర్ల తుప్పు రవ్వ ఉందనుకోండి. హబ్ వెడల్పు 13 సెంటీమీటర్లు, డిస్క్ 24 అయితే డిస్క్ అంచున ఆ వంకర 0.09 దాకా వస్తుంది. సీల్ ఇచ్చిన ఖాళీ దాదాపు అంతే! చక్రం ప్రతి చుట్టుకీ ఆ ఎత్తు ప్యాడ్‌ని గీరుకుంటూ పోతుంది. కొన్ని వేల కిలోమీటర్లకి డిస్క్ ఒక చోట సన్నబడి, పెడల్ వణకడం మొదలవుతుంది. హబ్ ముఖం శుభ్రం చేసి, డిస్క్‌ని నట్లతో బిగించి, అంచుకి సెంటీమీటరు లోపల డయల్ గేజ్ (వంకరని కొలిచే ముల్లు మీటరు) పెట్టి తిప్పండి. 0.05 లోపు వస్తే నాకు సంతోషం. ఎక్కువొస్తే డిస్క్‌ని ఒక స్టడ్ రంధ్రం జరిపి మళ్లీ చూడండి. తరచూ అదే సరిపోతుంది, లేత్ మీదకి ఎక్కించక్కర్లేదు. చక్రం నట్లు ఎదురెదురుగా, టార్క్ రెంచితో బిగించండి.

అంతా బిగించాక మొదట్లో చేసినట్టే తాడు, కాటాతో మళ్లీ కొలవండి. తర్వాత రోడ్డు మీద కొన్ని కిలోమీటర్లు నడిపి, చివర్లో బ్రేకు తక్కువ వాడి బండిని దానంతట దాన్ని ఆగనిచ్చి, రెండు డిస్కుల మీదా వేడి కొలిచే ఇన్‌ఫ్రారెడ్ గన్ పెట్టండి. ఒకవైపు బాగా వేడిగా ఉంటే ఆ వైపు బ్రాకెట్ వంగిందేమో, రెండు పిన్ను రంధ్రాలూ సమాంతరంగా ఉన్నాయో లేదో చూడండి. వంగిన బ్రాకెట్‌ని సుత్తితో సరిచేయొద్దు, మార్చేయండి.