తుంటి విరిగితే రాడ్ ఆపరేషన్: ఇంట్లోవాళ్ళు చేయాల్సినవి

మీ మామ్మగారో తాతగారో జారిపడి లేవలేకపోతుంటే ముందు పాదం చూడండి. విరిగిన కాలు రెండో కాలికంటే పొట్టిగా కనిపిస్తుంది, పాదం బయటికి వాలిపోయి చిటికెనవేలి వైపు అంచు పరుపుకి ఆనుతుంది. ఇలా ఉంటే తుంటి విరిగిందనే అనుకోండి. నిలబెట్టి చూడటం, కాలు లాగడం, నూనె మర్దన, పసరు కట్టు ఏవీ వద్దు. రెండు కాళ్ళ మధ్య దిండు పెట్టి కండువాతో వదులుగా కట్టి 108కి ఫోన్ చేయండి. లంక గ్రామాలవాళ్ళయితే మంచంతో సహా రేవు దాకా మోసుకెళ్ళి అలాగే పడవ ఎక్కించండి. ఎంత దగ్గరైనా బైక్ మీద మధ్యలో కూర్చోబెట్టి మాత్రం తీసుకెళ్ళకండి.

ఇక ప్రతి ఇంట్లోనూ వచ్చే మాట, "ఈ వయసులో ఆపరేషన్ తట్టుకుంటారా?" అని. నిజానికి తట్టుకోలేనిది మంచం పట్టడాన్ని. రాడ్ వేసేది తుంటి కీలుకి కాస్త కింద, తొడ ఎముక పైభాగం విరిగినప్పుడు. ఆ భాగానికి రక్తం బాగానే అందుతుంది కాబట్టి ఆపరేషన్ లేకపోయినా ఎముక చాలావరకు అతుక్కుంటుంది, కానీ అది వంకరగా, పొట్టిగా అతుక్కునేలోపు వారాల తరబడి కదలకుండా పడుకున్న మనిషికి పుళ్ళు, న్యుమోనియా, కాలి రక్తనాళాల్లో రక్తం గడ్డలు వచ్చేస్తాయి. లేపి కూర్చోబెట్టడానికే ఈ ఆపరేషన్. వీలైతే 48 గంటల్లోపు అయిపోవాలి, చుట్టాలందరూ వచ్చేదాకా ఆగొద్దు.

తొడ ఎముక పైభాగంలో రెండు బుడిపెలుంటాయి, వాటి మధ్య రెండు ముక్కలుగా విరిగితే ప్లేటు, స్క్రూతో కూడా బాగానే నిలబడుతుంది. లోపలివైపు ఆసరా ముక్కలైపోయినా, బయటి గోడ పగిలినా, విరుగుడు కిందికి తొడలోకి దిగినా అది అస్థిరమైన ఫ్రాక్చర్, బరువు పడగానే ఎముక తల (తుంటి కీలులో తిరిగే బంతి) కిందికి కుంగిపోతుంది. అందుకే నెయిల్, అంటే మనవాళ్ళు రాడ్ అనేది, ఎముక లోపలే వేస్తారు. పాకకి బయట ఊతకర్ర పెట్టడానికీ, నడిమధ్య నిట్రాడు వేయడానికీ ఉన్నంత తేడా ఇది.

అడ్మిట్ అయ్యేటప్పుడు వాడే మందులన్నీ సంచీలో వేసి పట్టుకెళ్ళండి. రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటుంటే ముందే చెప్పాలి, మత్తు ఎలా ఇవ్వాలన్నది దాన్నిబట్టి మారుతుంది. తొడలోపల రక్తం చాలా కారుతుంది, బయటికి కనిపించదు, కాబట్టి రక్తం ఇచ్చేవాళ్ళను సిద్ధంగా ఉంచుకోండి. కాకినాడ జీజీహెచ్ (ప్రభుత్వ సాధారణ ఆసుపత్రి) లాంటి పెద్దాసుపత్రిలో అయినా ప్రైవేటులో అయినా రేషన్ కార్డు, ఆధార్ చూపించి ఎన్టీఆర్ వైద్య సేవ (పాత ఆరోగ్యశ్రీ) వర్తిస్తుందేమో మొదటిరోజే అడగండి.

ఆపరేషన్‌లో సాధారణంగా నడుముకి మత్తిచ్చి, కాలిని ట్రాక్షన్ టేబుల్‌కి (కాలిని లాగి పట్టుకునే బల్ల) బిగించి, సీ-ఆర్మ్‌లో (ఆపరేషన్ చేస్తుండగానే ఎముకని చూపించే ఎక్స్‌రే యంత్రం) చూస్తూ లాగి తిప్పి ముక్కల్ని వరుసలోకి తెస్తారు. అసలు పని ఇదే. వరుస కుదరకుండా రాడ్ దించితే రాడ్ దాన్ని సరిచేయదు. తర్వాత తుంటి పైన చిన్న కోత పెట్టి గైడ్ వైర్ (దారి చూపే సన్నని తీగ) మీదుగా రాడ్ దించి, ఎముక తలలోకి పెద్ద స్క్రూ, కింద రాడ్ కదలకుండా పట్టే లాకింగ్ స్క్రూ వేస్తారు. పెద్ద స్క్రూ కొస ఎముక తల శిఖరానికి ఎంత దూరంలో ఉందో ముందునుంచీ పక్కనుంచీ తీసిన రెండు ఎక్స్‌రేల్లో కొలిచి కలిపితే 25 మి.మీ. లోపు ఉండాలని సర్జన్లు చూసుకుంటారు. మొహమాటపడకుండా ఆ ఎక్స్‌రేలు చూపించమనండి.

మర్నాడే కూర్చోబెట్టి, వాకర్‌తో నిలబెట్టాలి. ఎంత బరువు మోపాలో సర్జన్ చెబుతారు, భయపడి మీరే తగ్గించకండి. పథ్యమంటూ చారన్నం పెట్టొద్దు, గుడ్డు, చేప, పప్పు పెట్టండి. మడమలు రోజూ ఎత్తి చూడండి, ఎర్రబడితే పుండు మొదలైనట్టే. రాత్రిళ్ళు ఎవరెవరినో పిలుస్తూ తికమకపడితే పిచ్చి అనుకోకుండా డాక్టరుకి చెప్పి, కళ్ళజోడు పెట్టి, తెలిసిన మనిషి పక్కన కూర్చోండి. పిక్క వాచినా, హఠాత్తుగా ఆయాసం వచ్చినా క్షణం ఆగొద్దు.

ఇంటికొచ్చాక గొంతుకూర్చోవడం వద్దు, కమోడ్ కుర్చీ కొనండి. ఆరు వారాలకి ఎక్స్‌రే తీయించాలి. ఈలోపు గజ్జల్లో కొత్తగా నొప్పి వచ్చినా, కాలు మళ్ళీ పొట్టిగా కనిపించినా స్క్రూ ఎముకని కోసుకుని బయటికి వస్తుండవచ్చు, అపాయింట్‌మెంట్ దాకా చూడకుండా వెళ్ళిపోండి. బోలు ఎముకల జబ్బుకి (ఎముకలు గుల్లబారడం) మందు గురించి కూడా అప్పుడే అడగండి, ఏడాదికోసారి ఇచ్చే ఇంజెక్షన్ ఉంది, దానికి ముందు కిడ్నీ, విటమిన్ డి, కాల్షియం పరీక్షలు చేయించాలి.