అంటార్కిటికాకు బయల్దేరేవాళ్లకు: గుడారంలో మంటతో జాగ్రత్త

మంచు శిక్షణకు వెళ్లొచ్చిన కుర్రాడొకడు మొన్న ఫోన్ చేశాడు. చలికి ఆగలేక గుడారం జిప్పు పూర్తిగా మూసేసి లోపలే స్టవ్ వెలిగించారట. తెల్లారేసరికి ముగ్గురికీ తలనొప్పి. "చలి పట్టింది సార్" అన్నాడు. అది చలి కాదు.

దుస్తులు, ప్రయాణం గురించి బెంగ వద్దు. ఖర్చు భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖది, ఏర్పాట్లు గోవాలోని జాతీయ ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రానివి. అక్కడి మన పరిశోధన స్టేషన్లు మైత్రిలో, భారతిలో డాక్టర్ ఉంటారు. అయితే స్టేషన్ వదిలి కొండల్లో గుడారం వేసుకున్నాక ఈ ఏర్పాట్లన్నీ దూరంగా ఉండిపోతాయి. జిప్పు మాత్రం మీ చేతిలో ఉంటుంది.

1990 జనవరిలో మన యాత్రకు వెళ్లిన నలుగురు గుడారంలో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు బలయ్యారు. మంట సరిగ్గా మండకపోతే పుట్టే దీనికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. మనిషికి తల నొప్పెడుతుంది, మత్తు కమ్ముతుంది, లేచి జిప్పు తీయాలన్న ఆలోచన కూడా రాదు.

మూసిన గుడారంలో మంట పెట్టకండి. వెంట్ (గాలి ఆడే రంధ్రం) తెరిచే ఉంది కదా అనుకోకండి. నేనున్న శిబిరంలో ఒక రాత్రి వెంట్ మీద చెయ్యి పెడితే గుడ్డ అట్టలా బిగుసుకుపోయి తగిలింది. మా ఊపిరి తడే లోపలి నుంచి గడ్డకట్టింది, బయట గాలికి మంచు పేరుకుంది. రెండు గంటల ముందే దాన్ని శుభ్రంగా దులిపాను.

గిన్నెలో మంచు కరిగించేటప్పుడు ప్రమాదం ఇంకా ఎక్కువ. చల్లటి గిన్నె తగిలి మంట సరిగ్గా మండదు, విషవాయువు పెరుగుతుంది. వంట గుడారం బయటే. తుఫానులో తప్పనిసరైతే తలుపు తెరిచి గుమ్మం దగ్గర, ఒకరు మెలకువగా ఉండి చూస్తుండగా.

జనరేటర్‌ను లోపలికి తేవద్దు, ఎంత మంచు కురిసినా సరే. గాలి మీ వైపు నుంచి దాని వైపు వీచేలా దూరంగా పెట్టండి, గాలి మళ్లితే దాన్నీ మార్చండి. కార్బన్ మోనాక్సైడ్‌ను పసిగట్టే అలారం తీసుకెళ్లండి. దాని బ్యాటరీలు చలికి చచ్చిపోతాయి, కాబట్టి ఇంకో జత లోపలి జేబులో ఒంటికి ఆనించి ఉంచుకోండి. పడుకునే ముందు స్టవ్ ఆర్పాలి. ఆర్పారో లేదో ఇంకొకరు చూడాలి. స్టేషన్‌తో వైర్‌లెస్‌లో మాట్లాడే వేళ తప్పొద్దు. ఒంటరిగా ఎక్కడికీ వెళ్లొద్దు. అంతా తెల్లగా కమ్మేసి నేలా ఆకాశం కలిసిపోతే అడుగు తీయొద్దు.

మళ్లీ చెబుతున్నా, మూసిన గుడారంలో మంట వద్దు. ఐదు నిమిషాలకైనా వద్దు.

ఒక్కరికి తల నొప్పెడితే అలసట కావచ్చు. ఇద్దరికి ఒకేసారి నొప్పెడితే మాత్రం మాటలు పెట్టుకోకండి. జిప్పు చింపైనా సరే బయటపడండి, పడుకున్నవాణ్ని స్లీపింగ్ బ్యాగ్‌తో సహా ఈడ్చండి. ఆ తర్వాతే మంట ఆర్పండి, స్టేషన్‌కు కబురు పెట్టండి, ఆక్సిజన్ అడగండి. తేరుకున్నామని చెప్పి ఆ రాత్రి మళ్లీ ఆ గుడారంలో పడుకోకండి.