‘లిమిట్‌గానే తాగుతా’ అనేవాళ్లు మందుకూ షుగర్‌కూ ఉన్న లెక్క ఎలా చూసుకోవాలి?

కిందటేడు హెల్త్ చెకప్‌లో నా హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) 6.1 వచ్చింది. 5.7 నుంచి 6.4 దాకా ఉంటే ప్రీడయాబెటిస్ అంటారు. 6.5 గానీ అంతకు మించి గానీ ఉంటే షుగరే. మందు అలవాటుందా అని డాక్టర్ గారు అడిగితే, ‘లిమిట్‌గానే సార్, శనివారం రెండు పెగ్గులు’ అన్నాను. అబద్ధం చెప్పలేదు, నిజంగా అలాగే అనుకునేవాణ్ని. ఇంటికొచ్చి ఆ రెండు పెగ్గులనూ కొలిచాక సంగతి అర్థమైంది. మీరూ అక్కడే మొదలుపెట్టండి.

ముందు మీ గ్లాసు కొలవండి

మీరు రోజూ వాడే గ్లాసే తీసుకుని, మందు ఎంత పోసుకుంటారో కంటి అంచనాతో అంతే నీళ్లు పోయండి. ఆ నీళ్లను దగ్గు మందు సీసాతో వచ్చే కొలత మూతలోకి వంచుతూ లెక్కపెట్టండి. మా ఇంట్లోది 10 మిల్లీలీటర్ల మూత. ఐదు మూతలు నిండి, ఆరోది సగానికి వచ్చింది. చిన్న పెగ్గంటే 30 మిల్లీలీటర్లు. నేను ‘చిన్నది’ అనుకుంటూ పోసుకున్నది 55.

ఇప్పుడు ఆల్కహాల్ లెక్క. ఎన్ని మిల్లీలీటర్లో దాన్ని సీసా మీద రాసిన శాతంతో గుణించి, 100తో భాగించి, మళ్లీ 0.8తో గుణిస్తే గ్రాములు వస్తాయి. మన విస్కీ సీసాల మీద మామూలుగా 42.8 శాతం అని ఉంటుంది. అంటే 30 మిల్లీలీటర్ల పెగ్గులో సుమారు 10 గ్రాములు, నా 55లో దాదాపు 19. ఐదు శాతం బీరు 650 మిల్లీలీటర్ల సీసాలో 26 గ్రాములుంటుంది. అదే ఎనిమిది శాతం స్ట్రాంగ్ అయితే 41 దాటుతుంది. 180 మిల్లీలీటర్ల క్వార్టర్‌లో 60 పైనే.

ఈ 60 దగ్గర కాస్త ఆగాలి. ఒకే సిట్టింగ్‌లో 60 గ్రాములు, అంతకు మించి తాగితే ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని అతిగా తాగడం కిందే లెక్కేస్తుంది. ‘వారానికో క్వార్టరే కదా’ అనే మాట మనకు మామూలు. ఏడు రోజులకు పంచితే రోజుకు 9 గ్రాములే, కాగితం మీద ముచ్చటగానే ఉంటుంది. కానీ లివర్‌కు వారం సగటు తెలియదు. ఆ రాత్రి వచ్చిందంతా ఆ రాత్రే దాని మీద పడుతుంది. అందుకే డైరీలో వారం మొత్తం ఒక గడిలో, ఒక్క రాత్రిలో తాగిన అతి ఎక్కువ మోతాదు ఇంకో గడిలో రాసుకోండి. నా దృష్టిలో రెండోదే ముఖ్యం.

‘కొంచెం తాగితే షుగర్ రాదట’ అన్నమాట

ఈ మాట గాల్లోంచి పుట్టలేదు. 38 పరిశోధనలను, 19 లక్షల మందికి పైగా జనం వివరాలను కలిపి 2015లో ఒక విశ్లేషణ వచ్చింది. రోజుకు 10 నుంచి 14 గ్రాములు తాగేవాళ్లలో టైప్ 2 డయాబెటిస్ ముప్పు కొంత తక్కువగా కనిపించింది. అయితే విడదీసి చూస్తే ఆ తగ్గుదల ఆడవాళ్లలోనూ, ఆసియావాళ్లు కానివారిలోనూ మాత్రమే కనిపించింది. హైదరాబాద్‌లో కూర్చుని ఆ ఫలితాన్ని చూపించుకునే మగవాళ్లం ఆ రెండు లెక్కల్లోనూ లేము. పైగా జబ్బు చేసి తాగడం మానేసినవాళ్లు కూడా ‘తాగనివాళ్ల’ జాబితాలో కలిస్తే, తాగేవాళ్లే ఆరోగ్యంగా ఉన్నట్టు కనిపిస్తుంది. షుగర్ కోసమని తాగడం మొదలుపెట్టమని ఏ డాక్టరూ చెప్పరు.

ఒంట్లో ఏం జరుగుతుంది

ఆల్కహాల్‌ను దాచుకునే చోటు ఒంట్లో లేదు. అందుకే లివర్ మిగతా పనులు పక్కన పెట్టి ముందు దాన్ని విరగ్గొడుతుంది. అంతసేపూ కొవ్వు కరగడం మందగిస్తుంది, కొత్త గ్లూకోజ్ తయారీ తగ్గిపోతుంది. ఒక్కో గ్రాములో 7 కేలరీలు, అంటే క్వార్టర్‌కు 400 పైచిలుకు. దానికి థమ్సప్ కలిపితే చక్కెర అదనం. స్టఫ్ కింద చికెన్ 65, అపోలో ఫిష్, ఆఖర్న రాత్రి పన్నెండింటికి బిర్యానీ. లివర్ మందు పనిలో ఉన్నప్పుడే ఈ నూనె, ఈ అన్నం లోపలికి వెళ్తాయి. ఇదే అలవాటుగా సాగితే రక్తంలో ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వు పెరుగుతుంది, లివర్‌కు కొవ్వు పడుతుంది, ఇన్సులిన్ మాట ఒళ్లు వినడం తగ్గుతుంది.

కల్లు గురించీ చెప్పాలి. ‘కల్లు చలవ, షుగర్‌కు ఏం కాదు’ అంటారు. పూర్తిగా పులియని కల్లులో చక్కెర మిగిలే ఉంటుంది. ఎంత శాతమో కుండ మీద రాసి ఉండదు కాబట్టి పై లెక్క దానికి పనికిరాదు. కల్తీ కల్లులో ఆల్ప్రాజోలం లాంటి మత్తు మందులు పట్టుబడిన సంగతి మన రాష్ట్రంలో అందరికీ తెలిసిందే. దాన్ని లిమిట్‌గా తాగడం అంటూ ఉండదు.

నెల రోజులు ఆపి చూడండి

మొదట పరగడుపున షుగర్, హెచ్‌బీఏ1సీ, లిపిడ్ ప్రొఫైల్ (రక్తంలో కొవ్వుల పరీక్ష), లివర్ పరీక్షల్లో జీజీటీ చేయించండి. తాగిన మర్నాడు వెళ్లొద్దు, ట్రైగ్లిజరైడ్లు తప్పుగా ఎక్కువ చూపిస్తాయి. బొడ్డు దగ్గర టేపుతో నడుము కొలవండి. మన మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 హద్దు. తర్వాత నాలుగు వారాలు పూర్తిగా ఆపి నడుము, ట్రైగ్లిజరైడ్లు, జీజీటీ మళ్లీ చూడండి. హెచ్‌బీఏ1సీ మూడు నెలల సగటు కాబట్టి దానికి మూడు నెలలు ఆగాలి.

లండన్‌లో కొందరు నెలపాటు మానేసి చూస్తే ఇన్సులిన్ రెసిస్టెన్స్ (ఇన్సులిన్ మాట ఒళ్లు వినకపోవడం) సుమారు పావు వంతు తగ్గిందని 2018లో ప్రచురించారు. నా విషయంలో బెల్టు ఒక రంధ్రం లోపలికి వెళ్లింది, తెల్లవారుజామున మెలకువ రావడం ఆగింది.

ఒక హెచ్చరిక. రోజూ ఎక్కువగా తాగేవాళ్లు ఒక్కసారిగా ఆపితే చేతులు వణకడం, ఫిట్స్ దాకా వెళ్లొచ్చు. వాళ్లు డాక్టర్ని కలిశాకే ఆపాలి.

ఇప్పటికే మాత్రలు వేసుకుంటుంటే

లాల్‌దర్వాజ బోనాల నాటి దావత్‌లో మా చిన్నాన్న షుగర్ తగ్గించే గ్లిమిపిరైడ్ మాత్ర వేసుకుని, రెండు లార్జ్‌లు తాగి, అన్నం తినకుండా పడుకున్నాడు. తెల్లారి ఐదింటికి బనియన్ చెమటతో ముద్దయి, మాట తడబడుతోంది. ‘నిన్న ఎక్కువైంది, పండుకోనియ్యిరా’ అంది చిన్నమ్మ. మిషన్‌తో చూస్తే షుగర్ 48. డెబ్భై కంటే తగ్గినా ప్రమాదమే. లివర్ గ్లూకోజ్ తయారుచేయలేని ఆ గంటల్లో మాత్ర తన పని తాను చేసుకుపోయింది. నోటి నుంచి వాసన వస్తుంటే షుగర్ పడిపోయిందన్న ఆలోచన ఎవరికీ రాదు.

అందుకే ఇన్సులిన్, గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ వాడేవాళ్లు ఖాళీ కడుపుతో అస్సలు తాగొద్దు. తాగిన రాత్రి పడుకునే ముందు, మళ్లీ పొద్దున షుగర్ చూసుకోవాలి. ఆ ప్రభావం మర్నాటి దాకా ఉండొచ్చు. తగ్గితే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, పావుగంటకు మళ్లీ చూడాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి. మెట్‌ఫార్మిన్, డాపాగ్లిఫ్లోజిన్ వాడేవాళ్లకూ ఎక్కువ తాగడం ప్రమాదమే, దాని కారణాలు వేరు. మీ మాత్రల పేర్లు చెప్పి డాక్టర్ని సూటిగా అడగండి, ఎంత తాగుతారో మూతలతో కొలిచిన లెక్కే చెప్పండి.

నెల ఆపుదామనుకుని రెండో శనివారమే ఆపలేకపోయినవాళ్లు ఆ సంగతి కూడా డైరీలో రాసి డాక్టర్‌కు చూపించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబర్ 14416, ఎప్పుడైనా తెలుగులో మాట్లాడొచ్చు.