2.20 అంటే రెండున్నర ఎకరాలా? భూమి కొలత, రేటు లెక్క

పాస్‌బుక్‌లో విస్తీర్ణం 2.20 అని కనిపించగానే కాలిక్యులేటర్ తీయకండి. ఆ పొలం ఆంధ్రలో ఉంటే రెండెకరాల ఇరవై సెంట్లు. తెలంగాణలో ఉంటే రెండెకరాల ఇరవై గుంటలు, అంటే అచ్చంగా రెండున్నర ఎకరాలు. ఎకరం 40 లక్షలనుకోండి, మొదటిది 88 లక్షలు, రెండోది కోటి. పన్నెండు లక్షల తేడా ఆ చుక్క దగ్గరే ఉంది. హైదరాబాద్‌లో స్థిరపడి అటు ఇటు రెండు వైపులా భూములు చూసేవాళ్ళు ఎక్కువగా తికమకపడేది ఇక్కడే.

ఎకరం అంటే 4,840 చదరపు గజాలు, చదరపు అడుగుల్లో 43,560. దాన్ని వంద భాగాలు చేస్తే ఒక్కోటి సెంటు (48.4 గజాలు), నలభై భాగాలు చేస్తే గుంట (121 గజాలు, అంటే 33 అడుగులకు 33 అడుగులు). హెక్టారు దాదాపు 2.47 ఎకరాలు. నెల్లూరు వైపు ఇళ్ల స్థలాలకు అంకణాలు చెప్తారు, అక్కడ అంకణం 72 చదరపు అడుగులు, తిరుపతి వైపు 36. కాబట్టి రేటు కంటే ముందు ఎన్ని అడుగుల అంకణమో అడగాలి.

రేటు ఏ కొలతలో చెప్పినా ఎకరానికి మార్చుకుని చూడండి. గుంట లక్ష అంటే ఎకరం 40 లక్షలు, సెంటు లక్ష అంటే కోటి. గజం వెయ్యే కదా అనిపిస్తుంది గానీ ఎకరానికి 48 లక్షల 40 వేలు అవుతుంది. అలాగని పక్కన వెంచర్‌లో గజం రేటు చూసి దాన్ని 4,840తో హెచ్చించి పొలానికి ధర కట్టేవాళ్ళ మాట నమ్మకండి. లేఅవుట్‌లో రోడ్లకు, పార్కుకు పోగా అమ్ముకునే గజాలు బాగా తగ్గిపోతాయి, పైగా లేఅవుట్ వేసే ఖర్చంతా వేరే.

ఇక అసలు కొలత. నాలుగు మూలలూ మూలమట్టంగా (90 డిగ్రీలకు) ఉంటే పొడవు, వెడల్పు అడుగుల్లో హెచ్చించి 435.6తో భాగిస్తే సెంట్లు, 1,089తో భాగిస్తే గుంటలు. 330 అడుగులకు 132 అడుగులు ఉంటే సరిగ్గా ఎకరం. కానీ పొలాలు అంత చక్కగా ఎక్కడుంటాయి? అప్పుడు చాలామంది ఎదురెదురు గట్ల సగటు తీసి హెచ్చించేస్తారు. ఈ లెక్కలో విస్తీర్ణం ఉన్నదానికంటే ఎక్కువే వస్తుంది తప్ప తక్కువ రాదు, అంటే కొనేవాడికే నష్టం. ఉదాహరణకు నాలుగు వైపులా 200 అడుగులుండి, ఒక మూల 60 డిగ్రీలకు వాలిన చెక్క తీసుకోండి. సగటు లెక్కలో 40,000 చదరపు అడుగులు, నిజానికి ఉండేది సుమారు 34,640. పన్నెండు సెంట్లు గాల్లో కొన్నట్టే! అందుకే ఐమూలగా కూడా టేపు పట్టి, చెక్కను రెండు త్రిభుజాలు చేసి లెక్కగట్టాలి. పాత ఎఫ్‌ఎంబీ పటంలో (సర్వే నంబరు హద్దులు, కొలతలు చూపే ప్రభుత్వ పటం) కొలతలు లింకులు అనే పాత కొలతలో ఉంటే కంగారుపడకండి, 0.66తో హెచ్చిస్తే అడుగులు వస్తాయి.

ఫోన్ యాప్‌తో గట్ల మీద తిరిగి చూసుకోవడం అంచనాకు పనికొస్తుంది, బేరానికి మాత్రం లైసెన్స్‌డ్ సర్వేయర్ కావాల్సిందే.

రిజిస్ట్రేషన్ శాఖ సైట్‌లో కనిపించే ప్రభుత్వ విలువను ఊళ్ళో రేటు అనుకోవద్దు, అది స్టాంపు డ్యూటీ లెక్కకు. అదే సైట్‌లో 22-ఎ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా) ఆ సర్వే నంబరు ఉందేమో కూడా చూడండి, ఉంటే రేటెంత తక్కువైనా వదిలేయండి. అన్నీ కుదిరితే అగ్రిమెంట్‌లో మొత్తం సొమ్ము ఒక్కటే రాయించుకోకుండా, ‘సర్వేలో ఎంత తేలితే అంతకే, ఎకరానికి ఇంత చొప్పున’ అని రాయించండి. అడ్వాన్స్ ఇచ్చేది ఆ తర్వాతే.