లింకుల శుభ్రత – 3వ పాఠం: ముసుగు వేసిన లింకులు

ముందు గత పాఠంలోని అభ్యాసానికి జవాబు: యూట్యూబ్ పొట్టి లింకులో మొదలయ్యే సెకనును ఉంచి, నిఘా ముక్కను మాత్రమే ఎలా కోయాలి? యూట్యూబ్ షేర్ బటన్ ఇచ్చే పొట్టి లింకులో వీడియో ఐడీ తర్వాత ‘?ఎస్ఐ=…&టీ=90’ అని ఉంది. ఎస్ఐ నిఘా తోక, అంటే లింకు ఎటునుంచి వచ్చిందో కనిపెట్టడానికి చివర తగిలించిన ముక్క. టీ అంటే వీడియో ఏ సెకను నుంచి మొదలవ్వాలో చెప్పేది. ‘?’తో సహా ఎస్ఐ జతను కోసేశాక మిగిలిన ‘&’ను ‘?’గా మార్చాలి. మార్చకపోతే ‘&టీ=90’ ఇక పారామీటరు (సైటుకు సూచన ఇచ్చే ‘పేరు=విలువ’ జత) కాదు, వీడియో ఐడీకి అతుక్కున్న చెత్త. ఎక్కువమంది తప్పేది ఇక్కడే.

(ఎప్పటిలాగే, పారామీటర్లనూ కోడ్‌లనూ కంప్యూటర్లో ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాలి.)

తోక ఉన్న లింకు కనీసం మిమ్మల్ని నేరుగా గమ్యానికి తీసుకెళ్తుంది. ముసుగు లింకు అలా కాదు. ముందు నిఘా పెట్టినవాడి సర్వరుకు వెళ్ళి, అక్కడ హాజరు వేయించుకుని, ఆ తర్వాత అసలు పేజీకి మళ్ళుతుంది. ఫేస్‌బుక్‌లో బయటి లింకు నొక్కితే ‘ఎల్.ఫేస్‌బుక్.కామ్/ఎల్.పీహెచ్‌పీ?యు=’ అని మొదలయ్యేది ఇదే. కొన్ని పేజీలు ఇంకా గడుసువి. మౌస్ ఆనిస్తే కింద అసలు చిరునామానే చూపిస్తాయి, బటన్ నొక్కిన క్షణంలో స్క్రిప్టు లింకును మార్చేస్తుంది. కుడి బటన్‌కూ అదే వర్తిస్తుంది కాబట్టి, మీరు చూసింది ఒకటి, కాపీ అయ్యేది ఇంకొకటి. గూగుల్ వెతుకులాట ఫలితాల్లో ఈ పద్ధతి ఏళ్ళ తరబడి నడిచింది.

ముసుగు తీయడానికి లింకును అడ్రస్ బార్‌లో కాదు, నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. పొరపాటున ఎంటర్ నొక్కితే హాజరు పడిపోయినట్టే. ఇప్పుడు ‘యు=’, ‘యూఆర్ఎల్=’, ‘క్యూ=’లలో ఏది ఉందో వెతికి, దాని తర్వాతి నుంచి మొదటి ‘&’ ముందు వరకు ఉన్నది తీసుకోండి. లోపలి చిరునామాకు సొంత ‘&’లు ఉంటే అవి ‘%26’గా మారి ఉంటాయి, అందువల్ల విడిగా కనిపించే ‘&’ దగ్గర ఆగితే చాలు. ఆపైన మార్పిడి: ‘%3ఏ’ను ‘:’గా, ‘%2ఎఫ్’ను ‘/’గా, ‘%3ఎఫ్’ను ‘?’గా, ‘%3డీ’ను ‘=’గా, ‘%26’ను ‘&’గా. ‘%253ఏ’ లాంటిది కనిపిస్తే ముసుగు మీద ముసుగు ఉందని అర్థం. ‘%25’ అంటే ‘%’ గుర్తే, కనుక మార్పిడి రెండుసార్లు చేయాలి.

చిరునామా బయటపడ్డాక చివర ఫేస్‌బుక్ తగిలించే తోక ‘ఎఫ్‌బీసీఎల్ఐడీ=’ వేలాడుతుంటే అప్పుడు కోయండి. ముందు ముసుగు, తర్వాత తోక; వరస మారిస్తే ఎక్కడ కోయాలో తెలియదు.

తెలుగు వికీపీడియా లింకులతో ఒక జాగ్రత్త. ‘%ఈ0%బీ0’, ‘%ఈ0%బీ1’ అని వరుసగా సాగే భాగం నిఘా కాదు, మన అక్షరాలే. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు పడతాయి కాబట్టి నాలుగక్షరాల పేరు కూడా గజం పొడవున కనిపిస్తుంది. పొడుగ్గా ఉందని కోస్తే పేజీ దొరకదు. పాస్‌వర్డ్ మార్చుకునే లింకులు, ఈమెయిల్ నిర్ధారణ లింకుల జోలికీ పోవద్దు. వాటిలోని పొడవాటి రహస్య సంకేతమే (టోకెన్) తాళంచెవి.

రోజూ ఇదంతా చేత్తో చేయలేం. ఫైర్‌ఫాక్స్‌లో కుడి బటన్ మెనూలో శుభ్రం చేసిన లింకును కాపీ చేసే వరస 120వ వెర్షన్ నుంచి ఉంది. అది తనకు తెలిసిన తోకలనే కోస్తుంది, అంతకు మించి ఆశించకండి. ప్రకటనలనూ నిఘానూ అడ్డుకునే యూబ్లాక్ ఆరిజిన్ అనే బ్రౌజరు పొడిగింపు ఉంటే డాష్‌బోర్డులో ఫిల్టర్ లిస్ట్స్, అందులో ప్రైవసీ విభాగం తెరిచి, యూఆర్ఎల్ ట్రాకింగ్ ప్రొటెక్షన్ జాబితాకు టిక్ పెట్టి, అప్లై చేంజెస్ నొక్కండి. జాబితాలో లేని తోకకు మై ఫిల్టర్స్‌లో సొంత వరస రాయవచ్చు:

||యూట్యూబ్.కామ్^$రిమూవ్‌పారమ్=ఎస్ఐ

ఇదొక్కటే రాస్తే సగం పనే. పొట్టి లింకు వేరే డొమైన్‌ది, అక్కడికి ఎస్ఐ అప్పటికే చేరిపోతుంది. ఆ డొమైన్ పేరుతో రెండో వరస కూడా కావాలి.

లింకు శుభ్రంగా ఉన్నా సమాచారం జారిపోయే దారి ఇంకొకటుంది: పింగ్. లింకు కోడ్‌లో ‘పింగ్’ అనే గుణం ఉంటే, నొక్కగానే బ్రౌజరు గమ్యానికి వెళ్తూనే పక్కనుంచి మరో చిరునామాకు కబురు పంపుతుంది. ఫైర్‌ఫాక్స్‌లో ఇది మొదటి నుంచీ ఆపేసే ఉంటుంది. క్రోమ్‌లో పనిచేస్తూనే ఉంటుంది.

అభ్యాసం: ఫేస్‌బుక్‌లో ఎవరైనా పంచుకున్న తెలుగు వికీపీడియా వ్యాసం లింకును కాపీ చేసి, నోట్‌ప్యాడ్‌లో ముసుగు తీయండి. తెలుగు అక్షరాల భాగం ‘%25ఈ0’ అని మొదలైతే మార్పిడి ఎన్నిసార్లు చేయాలో, ఎక్కడ ఆపాలో రాసి పెట్టుకోండి. వచ్చే పాఠంలో ఎక్స్ (ఒకప్పటి ట్విట్టర్) వాడే టీ.కో లాంటి పొట్టి లింకులు. వాటిలో గమ్యం లింకులో ఉండనే ఉండదు, కాబట్టి నోట్‌ప్యాడ్ పనికిరాదు.