సాలీడు కుట్టిందని తైలం రాసే ముందు

స్క్రబ్ టైఫస్ (పురుగు కాటుతో వచ్చే జ్వరం) వార్తలు వచ్చినప్పటి నుంచి మా మందుల షాపులో టీ ట్రీ ఆయిల్, నీలగిరి తైలం అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. "సాలీడు కుట్టిందండీ, రాసుకోడానికి ఏదన్నా ఇవ్వండి" అంటారు. సాలీడుని చూశారా అంటే, లేదు.

తైలం కన్నా ఆ ఊహతోనే ప్రమాదం. మన దగ్గర సాలీడు కాటు చాలావరకు ఎర్రబడి, దురదపెట్టి, కొద్దిరోజుల్లో దానంతటదే తగ్గుతుంది. పేరు మాత్రం నూనెకి వస్తుంది. స్క్రబ్ టైఫస్ అలా కాదు. చిగ్గర్ అనే అతి చిన్న పురుగు కుట్టిన చోట, చాలామందికి సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పెచ్చు కడుతుంది. చంకల్లో, గజ్జల్లో ఉంటే కనపడదు కూడా. జ్వరం పురుగు కుట్టిన వారం పది రోజులకి రావచ్చు. వెంటనే డాక్టరు దగ్గరికి వెళితే మామూలు యాంటీబయాటిక్‌కే లొంగుతుంది. నూనె రాసుకుంటూ కూర్చుంటే ఊపిరితిత్తులు, కిడ్నీల దాకా పోతుంది.

కట్లపాము ఇంకా మోసం. రాత్రి నేల మీద పడుకున్నవాళ్లని కాటేస్తే నొప్పి పెద్దగా ఉండదు, గాటు సరిగా కనపడదు. తెల్లారేసరికి కడుపునొప్పి, వాలిపోయే కనురెప్పలు. అందుకే చెబుతున్నా: ఏం కుట్టిందో తెలియకుండా నూనె రాసి పడుకోవద్దు.

పాము కాటన్న అనుమానం లేకపోతే, ముందు సబ్బు నీళ్లతో కడగండి. గుడ్డలో చుట్టిన ఐసు పది నిమిషాలు పెట్టండి. వాపు అంచున పెన్నుతో గీత గీయండి, గీత దాటితే ఆసుపత్రికే. నూనె పూసి ఎర్రబడ్డ చర్మాన్ని చూసి, కాటు ఎంతో, నూనె మంట ఎంతో డాక్టరు కూడా తేల్చలేరు.

సాలీడుని కళ్లారా చూశారు, నూనె రాయాల్సిందే అంటారా? చెంచా కొబ్బరినూనెలో ఒకటి రెండు చుక్కలు, అంతే. లవంగ నూనె నేరుగా రాయొద్దు, బొబ్బలెక్కుతుంది. పుండు మీద వద్దు. పాత సీసా వద్దు, గాలి తగిలి పాడైన టీ ట్రీ ఆయిల్‌తో ఎలర్జీ ఎక్కువ. పసిపిల్లల ముఖం దగ్గరికి నీలగిరి, కర్పూరం తేవద్దు. కోయొద్దు. నోటితో పీల్చొద్దు. తాడు బిగించొద్దు. ఊపిరాడకపోయినా, మాట ముద్దగా వస్తున్నా, రెప్పలు వాలుతున్నా 108కి ఫోన్. జ్వరం వస్తే ఒళ్లంతా వెతికి పెచ్చు ఉంటే డాక్టరుకి చూపించండి, అడగకపోయినా సరే. మళ్లీ చెబుతున్నా, తెలియని కాటుకి నూనె రాసి తెల్లారేదాకా చూడొద్దు. సీసా పిల్లలకి అందనివ్వద్దు, నీలగిరి తైలం కొంచెం మింగినా ఫిట్స్ రావచ్చు. మింగితే వాంతి చేయించకండి, సీసాతో సహా ఆసుపత్రికి తీసుకెళ్లండి.