మింట్ పెట్టెకు కత్తెర పెట్టకండి

అమెరికాలో ఉండి యూఎస్ మింట్ (ప్రభుత్వ టంకశాల) నుంచి సిల్వర్ ఈగిల్ వెండి నాణేలు తెప్పించుకునేవాళ్లకు ఒక మాట. నాణేలను పరీక్షించి గ్రేడు ఇచ్చే పీసీజీఎస్ సంస్థకి గ్రేడింగ్‌కు పంపి 'ఫస్ట్ స్ట్రైక్' (విడుదలైన తొలి రోజుల నాణెం అని చెప్పే) లేబుల్ వేయించుకోవాలనుకుంటే, పార్శిల్ రాగానే టేపు కోయకండి. నాణెం విడుదలైన 30 రోజుల్లోపు అక్కడికి చేరాలి. ఆలస్యమైతే, ఆ 30 రోజుల్లోపు పోస్టల్ తేదీ ముద్ర ఉన్న, విప్పని పెట్టే మీకు సాక్ష్యం. ఒక్కసారి విప్పితే ఆ దారి మూసుకుపోతుంది. నేను ఆత్రంగా ఒక పెట్టె విప్పేశాను, ఆ బాధ ఇంకా ఉంది. కాబట్టి దాన్ని అలాగే ఇంకో పెద్ద అట్టపెట్టెలో పెట్టి, చుట్టూ కాగితం కుక్కి పంపండి. పెట్టె మీది పాత అడ్రస్ లేబుల్ మీద కొత్తది అంటించొద్దు, తేదీ కనబడాలి.

విప్పకుండా పంపితే లోపల పాలచుక్కల్లాంటి తెల్లమచ్చలున్నాయో లేదో తెలియదు, నిజమే. అన్నిటికన్నా పైదైన 70 గ్రేడుకి అయిదు రెట్ల భూతద్దంలో చూసినా లోపం కనిపించకూడదు. ఫస్ట్ స్ట్రైక్ లేబుల్ అక్కర్లేకపోతే మాత్రం విప్పి, నాణేన్ని ప్లాస్టిక్ క్యాప్సూల్‌లోంచి తీయకుండా, దీపం కింద వాల్చి చూసుకుని మచ్చలేనివే పంపండి.

నాణెంతో వచ్చిన నీలం డబ్బా, సర్టిఫికెట్ తిరిగి కావాలంటే పంపేముందే అడగండి.